దూకడానికి గోడ లేని దేశం

మొన్న శనివారం మధ్యాహ్నం ఎర్లాంగెన్‌లో నా గదిలో కూర్చుని, హనుమకొండలో మా వదిన నడిపే జర్మన్ క్లాసుకు వీడియోలో ముఖ్య అతిథిగా హాజరయ్యాను. ముఖ్య అతిథి అంటే మరీ పెద్ద మాట. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. అవతల బెంచీల నిండా పిల్లలు, బీటెక్ అయిపోయి జర్మనీకి బయలుదేరే తొందరలో ఉన్నవాళ్ళు, అందరికీ ఒకటే సందేహం: అక్కడ ఉద్యోగాలు ఉన్నాయా, లేవా. ఉన్నాయని చెబితే అబద్ధం, లేవని చెబితే వదిన ఫీజులు పోతాయి, కనుక వాతావరణం గురించి మాట్లాడుతూ ఉండగా, ముందు వరుసలో ఒకమ్మాయి లేచి, "అన్నా, మీకు అక్కడికి పోయినంక ఫస్టు మంచిగ అర్థమైన జర్మన్ వర్డ్ ఏంది?" అని అడిగింది. టెర్మిన్, అంటే ముందుగా తీసుకునే అపాయింట్‌మెంటు, అనాలి. ఈ దేశంలో పుట్టడానికీ చావడానికీ మధ్య ఉన్నదంతా టెర్మినే. కానీ నా నోట్లోంచి "మేర్‌హైట్" అని వచ్చింది. మెజారిటీ అని అర్థం.

పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. వాళ్ళ వెనకనుంచి టీ గ్లాసుల ట్రే పట్టుకుని వస్తున్న మా అన్న మాత్రం ఆగి, నా ముఖం కేసి చూసి, "ఇప్పుడున్నోళ్ళకు ఎంతమంది ఎక్కువున్నరు రా?" అని అడిగాడు. కొద్దిమందే అన్నా, చాలా కొద్దిమందే అన్నాను. తలూపి గ్లాసులు పంచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ పిల్లలకు ఈ సంభాషణ అర్థం కాలేదు. నాతోపాటు 2024 చలికాలంలో ఈ దేశంలో ఉన్నవాళ్ళకు కొంత అర్థమవుతుంది. మిగిలినవాళ్ళకు చెప్పాలి.

ముప్పై దాటనివాడు జ్ఞాపకాలు రాయడం కొంచెం అతిగానే ఉంటుందని నాకూ తెలుసు. జ్ఞాపకాలకు తెల్లజుట్టు ఉండాలంటారు. నాది తెల్లబడే ఓపిక లేక ఊడిపోతోంది, దాన్నే అర్హత కింద తీసుకోండి. అయినా పరాయిదేశంలో వీసా మీద బతికేవాడికి ఒక ఏడాది నాలుగేళ్ళతో సమానం. ఆ లెక్కన నేను రిటైరయ్యే వయసులోనే ఉన్నాను.

అప్పుడు నేను పాడర్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, ఆ ఊళ్ళో నాకు ముందు దిగినవాడు. నన్ను స్టేషన్లో దించుకుని, ఇంట్లో చోటిచ్చి, ఆన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు చేయించి, చెత్త ఏ రంగు డబ్బాలో వేయాలో నేర్పినవాడిని వేరే ఏమని పిలుస్తాం. ఆయన చదువు ముగించి అక్కడే ఒక పరిశోధనా సంస్థలో బ్యాటరీల మీద పనిచేస్తుండేవాడు. ఇంట్లో మూడో మనిషి గోదావరి జిల్లావాడు, నా క్లాసుమేటు, మేమిద్దరం ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళం, అన్నను మాత్రం అతను అండీ లేకుండా పిలిచేవాడు కాదు. కింది అంతస్తులో ఇంటి ఓనరమ్మ, రిటైరైన బడిపంతులమ్మ, ఆమెను మాలో మేం మామ్మ అనుకునేవాళ్ళం. ఆవిడకు మా పోపు వాసన అంటే పడేది కాదు, మేమంటే పడేది.

అన్న పుట్టింది రాజకీయాల ఇంట్లో. పెద్ద రాజకీయాలు కాదు, వాళ్ళ పెదనాన్న రెండుసార్లు ఎంపీపీ పదవికి నిలబడి, రెండుసార్లూ బలం తన వైపే ఉండగా, తెల్లారేసరికి సభ్యులు మాయమై ఓడిపోయినవాడు. ఆ ఇంట్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు క్యాంపు రాజకీయం నేర్పారు. ఎవర్ని ఏ రిసార్టుకు తీసుకెళ్ళాలి, ఫోన్లు ఎవరు దాచాలి, ఎవడు బాత్రూం కిటికీలోంచి పారిపోతాడు, అన్నీ అన్నకు తెలుసు. బ్యాటరీల గురించి ఆయన సందేహంగా మాట్లాడేవాడు, రాజకీయాల గురించి మాత్రం ఎప్పుడూ సందేహపడలేదు.

ఆ సంవత్సరం చివర ఆయన ముందున్న సంగతి చిన్నది. ఉద్యోగ ఒప్పందం డిసెంబరుతో అయిపోతుంది. ప్రాజెక్టు రెండో విడత డబ్బు కొత్త సంవత్సరపు కేంద్ర బడ్జెట్లో ఉంది. బడ్జెట్ పార్లమెంటు దాటితే ఒప్పందం పొడిగిస్తారు, ఒప్పందం ఉంటే బ్లూ కార్డు, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, ఉంటుంది, బ్లూ కార్డు ఉంటే వదిన రావచ్చు. వదిన అప్పటికే హనుమకొండలో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జర్మన్ పరీక్ష పాసై, హైదరాబాదులో జనవరికి వీసా టెర్మిన్ సంపాదించి, ఊలు కోటు కొనుక్కుని కూర్చుంది. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళిద్దరూ కలిసి ఉన్న రోజులకంటే ఫోనులో "వినబడుతుందా" అనుకున్న రోజులే ఎక్కువ. ప్రొఫెసరు మంచివాడు, భుజం తట్టి, నాకు నమ్మకముంది, పార్లమెంటు తలూపడమే తరువాయి అన్నాడు.

అదే సమయంలో బ్రెమెన్‌లో విమానాల భాగాలు చేసే ఒక కంపెనీ అన్నకు ఉద్యోగం ఇస్తామంది. పర్మినెంటు. కానీ బ్యాటరీలు కాదు, ఎవరో రాసిన సాఫ్ట్‌వేరును ఇంకెవరో సరిచూశాక మళ్ళీ సరిచూసే పని. నవంబరు ఆఖరులోగా సంతకం పెట్టాలన్నారు. అన్నకు తన బ్యాటరీలంటే ప్రాణం. వాటి ముచ్చట మొదలుపెడితే వదిన కూడా ఫోను స్పీకర్లో పెట్టి బట్టలు మడత పెట్టుకునేది.

సరిగ్గా అప్పుడే, మేం అన్నం తింటూ ఉండగా, ప్రభుత్వం పడిపోయింది. పడిపోయింది అనడం తప్పు. ఛాన్సలరు టీవీలో కనిపించి, తన ఆర్థికమంత్రిని తీసేశానని చెప్పాడు, ఆ మంత్రి పార్టీ బయటికి వెళ్ళిపోయింది, మిగిలిన రెండు పార్టీలకు మెజారిటీ లేదు, అయినా కుర్చీల్లో వాళ్ళే ఉన్నారు. అప్పు చేసి ఖర్చు పెట్టాలా వద్దా అన్నదగ్గర మొదలై, ఉక్రెయిన్‌కు ఎంత పంపాలి, మూతబడుతున్న ఫ్యాక్టరీలకు ఎంత ఇవ్వాలి అన్నదాకా వాళ్ళ గొడవ సాగిందట. నేను ముద్ద దించుకుని, మన రూంలో కూడా ఇంతే కదా, వంట వంతు తప్పించుకున్నవాడే కిచెన్ మినిస్టరు అన్నాను. బావ నవ్వాడు. అన్న నవ్వలేదు, కంగారూ పడలేదు. పెరుగు వేసుకుంటూ, "మైనారిటీ సర్కారు అంటే ఏం కాదురా. పండుగ లెక్క. ఎవనికి ఏం గావాల్నో ఇప్పుడే అడుగుతరు. నెల తిరుగకముందే దూకుతరు సూడు," అన్నాడు.

ఆయనకు వెంటనే సాక్ష్యం కూడా దొరికింది. బయటికి వెళ్ళిన పార్టీకి చెందిన రవాణామంత్రి, పార్టీకి దండం పెట్టి మంత్రి పదవిలోనే ఉండిపోయాడు. మర్నాడు అన్న ఆ వార్త చూపిస్తూ ఇల్లంతా తిరిగాడు. "దూకిండా లేదా? ఒకడు దూకితే వెనుక బండెడు మంది ఉంటరు. మా పెదనాన్నను అడుగు." పెదనాన్న అప్పటికే పోయాడు గనక అడగలేదు.

ఇక్కడ అట్లా ఉండదేమో అన్నా అని నేను అనకపోలేదు. కానీ నా మాటకు ఇంట్లో ఉన్న విలువ మీకు తెలియదు. వరుసగా జోకులు వేసేవాడు అగ్నిప్రమాదం అని అరిచినా జనం చప్పట్లు కొడతారు. గోడను పడగొట్టేసుకున్న దేశం కదన్నా, దూకడానికి వీళ్ళకు గోడేదీ అన్నాను. ఆ మాట అందరికీ నచ్చింది. అన్న దాన్ని వదినకు ఫోనులో కూడా వినిపించాడు. ఆమె మాత్రం నవ్వి ఊరుకోకుండా, "గోడలు గీడలు నాకెరుక లేదు. ఆ బ్రెమెన్ది పట్టుకో. పనిల ఏముంది, పొద్దుగాల పోతవ్, పొద్దుమీకి వస్తవ్. ఇంట్ల నేనుంటగద," అంది. బావ కూడా చెప్పాడు, "సంతకం పెట్టేత్తే పోద్ది కదండీ అన్నగారూ, బడ్జెట్ వచ్చాక మానేద్దురుగాని." అన్న వాళ్ళిద్దరికీ ఓపికగా సంఖ్యలు వివరించాడు. సభలో ఎంతమంది, ఎంత తక్కువ, చిన్న పార్టీల్లో ఎవరెవరు మళ్ళీ టికెట్ రానివాళ్ళు, వాళ్ళ నియోజకవర్గాల్లో ఏ ఫ్యాక్టరీ మూతబడుతోంది. మన ఊళ్ళో అయితే ఆయన లెక్క నూటికి నూరుపాళ్ళు సరైనది. ఆ లెక్కను నమ్మి, నవంబరు ఆఖరున, ఎంతో మర్యాదగా రాసిన జర్మన్‌లో బ్రెమెన్‌కు వద్దని చెప్పేశాడు.

అప్పటినుంచీ మా ఇంట్లో సినిమాలు బందై పార్లమెంటు మొదలైంది. మీరెప్పుడైనా జర్మన్ పార్లమెంటు చూశారా? చూడకపోతే ఏమీ పోలేదు. మైకు విరగదు, కాగితం ఎగరదు, ఒకాయన కోపంగా లెక్కలు చెబుతాడు, ఇంకొకాయన ఇంకా కోపంగా వేరే లెక్కలు చెబుతాడు. ప్రతిపక్షనేత లేచి ఆర్థిక వ్యవస్థను ముంచారు, పక్కదేశాల ముందు పరువు తీశారు, రేపే విశ్వాసం అడగండి అంటాడు. ఒక పక్క నుంచి ఉక్రెయిన్‌కు ఆయుధాలు ఇంకా పంపండి అని, ఇంకో పక్క నుంచి అసలు పంపకండి అని, రెండువైపుల నుంచీ ఛాన్సలరుకు వాయింపు. కింద మామ్మకు యుద్ధం భయం, చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పినవన్నీ గుర్తొచ్చి నేలమాళిగలో డబ్బా సూపులు పేర్చుకుంది. అన్నకు ఏ భయమూ లేదు. ఆయన ఆ ఉపన్యాసాల్లో ఒక్క మాట కోసం వినేవాడు, బ్యాటరీ అని ఎవరైనా అంటారేమోనని. పింఛన్లు అన్నారు, రైళ్ళు అన్నారు, క్షిపణులు అన్నారు. ఒకే ఒక్కసారి ఒకాయన బ్యాటరీ అన్నాడు. అన్న సోఫాలోంచి లేచి వాల్యూం పెంచాడు. బ్యాటరీ ఫ్యాక్టరీలు కూడా ఈ దేశం వదిలి పోతున్నాయి అని ఆ వాక్యం ముగిసింది. అన్న వాల్యూం తగ్గించి కూర్చున్నాడు.

డిసెంబరులో ఛాన్సలరు విశ్వాస పరీక్ష పెడతానన్నాడు. అన్న ముఖం వెలిగింది. మన లెక్కలో అంతే కదా, బలం కూడగట్టుకున్నవాడే పరీక్షకు దిగుతాడు. ఓటింగు జరిగే సోమవారం బిరియాని చేశాడు. బియ్యం కడుగుతూ పాట కూడా పాడాడు. నేను చెత్త పారేయడానికి కిందికి వెళ్ళినప్పుడు మామ్మ మెట్ల దగ్గర కనిపించి, ఏమిటి పండుగా అని అడిగింది. మా ఛాన్సలరు గెలవబోతున్నాడు అన్నాను. ఆవిడ నా వైపు, బడిలో మొద్దు పిల్లవాడిని చూసినట్టు చూసి, నెమ్మదిగా, ప్రతి మాటా విడదీసి చెప్పింది: అతను ఓడిపోవడానికే అడుగుతున్నాడు బాబూ. ఓడితేనే సభ రద్దవుతుంది, రద్దయితేనే ఎన్నికలు. గెలిస్తేనే చిక్కు.

నేను మెట్లెక్కి పైకి వచ్చి ఇది అన్నకు చెప్పాను. ఆయన గరిటె పట్టుకుని నిలబడి, "ఓడిపోనీకి ఓటు పెట్టేటోడు యాడనన్న ఉంటడారా?" అన్నాడు. నాకు జవాబు తెలుసు, ఉంటాడు, బెర్లిన్‌లో ఉంటాడు. కానీ ఆ గరిటె వైపు చూసి ప్లేట్లు కడగడానికి పోయాను. మామ్మకు క్యాంపు రాజకీయం తెలియదని తేల్చేశాడు అన్న.

ఆ మధ్యాహ్నం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. బయట నాలుగింటికే దీపాలు వెలిగే కాలం. వదిన ఫోనును బల్లమీద నీళ్ళ బాటిలుకు ఆనించాం, ఆమె కూడా చూడాలని. సభ్యులు ఒక్కొక్కరూ వెళ్ళి కార్డు వేస్తున్నారు. ఎవరూ ఎవరినీ గుంజడం లేదు, ఎవరూ ఫోను దాచడం లేదు, ఎవరి మొహంలోనూ రాత్రి రిసార్టులో పడుకున్న కళ లేదు. మీకొక మాట చెబుతాను, ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పింది కాదు. నేను గుడిలో కూడా గడియారం చూసుకునే మనిషిని. ఆ మధ్యాహ్నం, జీవితంలో మొదటిసారి మనస్ఫూర్తిగా దేవుడికి దండం పెట్టుకున్నాను. దేవుడా, అవతలి బెంచీల్లో కొంతమంది మాట తప్పేవాళ్ళను పుట్టించి ఉంటే, వాళ్ళకు ఇదే సమయం అని.

ఫలితం చదివారు. ఓడిపోయాడు. ఓడిపోవడం పక్కా కావాలని, సొంత మిత్రపక్షం కూడా చాలావరకు అటూ ఇటూ కాకుండా తటస్థంగా కూర్చుందట. సభలో ఎవరూ అరవలేదు. ఛాన్సలరు కాగితాలు సర్దుకుని, ఏదో పని అయిపోయినవాడిలా వెళ్ళిపోయాడు. టీవీలో తర్వాతి వార్త క్రిస్మస్ మార్కెట్ల మీద.

అన్న రిమోటు తీసుకుని వాల్యూం తగ్గించాడు. తర్వాత, కోపంగా కాదు, నిజంగా అర్థం కానివాడిలాగా అడిగాడు. "గంతమంది ఉండి... సరిపడ దూకకపాయెనేందిరా? గిట్ల గూడ ఉంటరా మనుషులు?"

బాటిలుకు ఆనించిన ఫోనులోంచి వదిన, "బిర్యాని తిను ముందు. సల్లారుతది," అంది. అంతే అంది. ఊలు కోటు ఊసు ఆమె ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తలేదు. తిన్నాం. బాగానే కుదిరింది, అదొక్కటే బాధ.

మిగతాది ఈ దేశంలో ఏదైనా జరిగినట్టే పద్ధతి ప్రకారం జరిగింది. బడ్జెట్ లేదు గనక పాత ఖర్చులే తప్ప కొత్త మంజూరు లేదన్నారు. ప్రొఫెసరు అన్నను గదిలో కూర్చోబెట్టి, కాఫీ తనే కలిపి ఇచ్చి, కన్నీళ్ళు పెట్టుకున్నాడట. అన్నే ఆయన్ని ఓదార్చి వచ్చాడు. బ్రెమెన్‌కు ఫోను చేస్తే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. మిగిలిన కంపెనీలన్నీ ఎన్నికల తర్వాత చూద్దాం అనే ఒకే వాక్యాన్ని వేరువేరు లెటర్‌హెడ్ల మీద రాశాయి. విదేశీయుల ఆఫీసులో, కార్డు పొడిగింపు తేలేదాకా ఉండమని, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అని ఒక పత్రం ఇచ్చారు. నిజంగానే దాని పేరులో ఫిక్షన్ అని ఉంది: మనిషికి ఉండే హక్కు ఉన్నట్టు ఊహించుకుందాం అని చట్టం చేసే కల్పన. నేను అది పట్టుకుని, సర్కారుకూ ఇదే ఇచ్చి ఉంటారన్నా, వాళ్ళూ ఉన్నట్టు ఊహించుకుంటున్నారు అన్నాను. ఆ చలికాలంలో అన్న నవ్వింది అప్పుడొక్కసారే. నవ్వి, కొంచెంసేపటికి, "నేను నిజంగనే ఉన్న గదరా," అన్నాడు.

ఊహ మీద భార్యకు వీసా రాదు. హైదరాబాదు టెర్మిన్ రోజున వదిన ఏ కాగితమూ లేకుండానే వెళ్ళింది. వెళ్ళకపోతే ఏంటని అడిగితే, వీసా కౌంటర్ల అడిగే పిల్లతోటి జర్మన్‌ల మాట్లాడి వద్దామని పోయిన, నేర్చుకున్నది యాడనన్న వాడాలె గద అందట. బాగా మాట్లాడావని ఆ అమ్మాయి మెచ్చుకుందట కూడా.

ఎన్నికలు ఇంకా కొద్దిరోజులున్నాయనగా, ఉద్యోగం దొరక్క హనుమకొండకు తిరిగిపోతున్న అన్నను రైలెక్కించడానికి నేనూ బావా స్టేషనుకు నడిచాం. దారి పొడవునా ప్రతి దీపస్తంభానికీ పోస్టర్లు, అన్ని పార్టీల ముఖాలూ ఒకే డెంటిస్టు దగ్గరికి వెళ్ళినట్టు నవ్వుతూ, భద్రత, స్థిరత్వం, భవిష్యత్తు. బయలుదేరేముందే మామ్మ గుమ్మంలోకి వచ్చి దారికి తినమని డబ్బా సూపు ఇచ్చింది, యుద్ధం కోసం దాచుకున్నవాటిలోంచి తీసి. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద బావ ఏడుపు ఆపుకోలేక, "దిక్కుమాలిన నీతిమంతులండీ," అని తిట్టాడు. అన్న అతని వీపు నిమిరి, "ఎందుకు తిడ్తవ్. మంచోళ్ళే. మా పెదనాన్న ఈడ పుట్టుంటే రెండుసార్లు గెలుస్తుండె," అన్నాడు.   రైలు వచ్చాక సూట్‌కేసు ఎక్కించాను.

అన్న సైకిలు నాకిచ్చి వెళ్ళాడు. ఎర్లాంగెన్‌లో ఉద్యోగం వచ్చాక దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నాను, ఈ ఊళ్ళో సైకిలు లేనివాణ్ణి జాలిగా చూస్తారు. అన్న పొడుగు, నేను పొట్టి, సీటు ఎత్తు దించక ఇప్పటికీ మునివేళ్ళ మీద తొక్కుతున్నాను. మీరేదో సెంటిమెంటు అనుకునేరు, ఆ నట్టు తుప్పు పట్టింది.

ఇప్పుడు అన్నీ మారాయి. కొత్త సర్కారు వచ్చింది, బొటాబొటిగానైనా మెజారిటీ ఉంది, ఆగిపోయిన డబ్బులు మళ్ళీ కదిలాయని, ఆ బ్యాటరీల ప్రాజెక్టులో అన్న బల్ల దగ్గర ఇంకెవరో కూర్చున్నారని విన్నాను. బావ వేరే ఊరికి పోయాడు. ఇదివరకు నేను వార్తల్ని వినోదం కోసం చూసేవాణ్ణి. ఇప్పుడు ఏ ఓటింగు జరిగినా అటు ఎంతమంది, ఇటు ఎంతమంది అని అన్నలాగే వేళ్ళు మడుస్తున్నాను. మన దగ్గర ఎవడైనా పార్టీ మారినప్పుడు ఒకప్పుడు రోజంతా నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ వార్త వస్తే అన్న టీవీ కట్టేస్తాడని వదిన చెప్పింది. నాకు మాత్రం, సిగ్గువిడిచి చెబుతున్నాను, కాస్త ఈర్ష్య కలుగుతుంది. దూకేవాళ్ళు ఎక్కడెక్కడో వృథాగా పుడుతున్నారనిపిస్తుంది.

మొన్నటి క్లాసు చివర వదిన నేను చెప్పిన మాటతో ఒక వాక్యం చెప్పమని పిల్లల్ని అడిగింది. ముందు వరుసలో అమ్మాయే మళ్ళీ లేచి, వేళ్ళమీద వ్యాకరణం సరిచూసుకుంటూ, మాకు మెజారిటీ లేదు అని జర్మన్‌లో తప్పు లేకుండా చెప్పింది. వెనక ఖాళీ గ్లాసులు ఏరుకుంటున్న అన్న తలెత్తలేదు. వదిన ఒక్క క్షణం బోర్డు వైపు తిరిగి, సుద్ద చేత్తో పట్టుకుని, ఏమీ రాయకుండా నిలబడింది.

"జేర్ గూట్," అంది తర్వాత. చాలా బాగుంది అని.